నల్లటివే ఏరుకున్నవాడు

అక్క ఫోన్ చేసేసరికి, అందరూ కత్తి అని పిలిచే తమ్ముడు ఎవరో ముసలాయన కట్టుడు పళ్ళ కింది వరసకి మెరుగు పెడుతున్నాడు. చక్రం ఆపాడు. చేతికంటిన తెల్లపొడి చొక్కాకే తుడుచుకుని, ఫోన్ మీద అక్క పేరు చూసి, ఎత్తాలా వద్దా అని ఆలోచించాడు. తోడబుట్టినది ఫోన్ చేస్తే ఎత్తడానికి ఆలోచించాల్సి వచ్చిందంటే ఆ మనిషి ఎంత పాడుపని చేసి ఉండాలో మీరే చెప్పండి. చివరికి ఎత్తాడు.

"నీ దగ్గర లవంగ నూనె ఉంటుంది కదా," అంది అక్క. బాగున్నావా లేదు, తిన్నావా లేదు. "మీ బావకి కావాలిట. సీసాడు."

ఉందన్నాడు. కట్టుడు పళ్ళు చేసే చోట లవంగ నూనె ఉండకపోతే ఇంకెక్కడుంటుంది?

"దేనికని అడగవేం?" అంది.

అడగాల్సిన పనేముంది. చేపలు పెంచేవాళ్ళందరికీ తెలిసిందే. ఇక బాగుపడదనుకున్న చేపని బాధ లేకుండా పంపించాలంటే నీళ్ళలో లవంగ నూనె కలుపుతారు. చేప మత్తులోకి జారుకుని మళ్ళీ లేవదు. ఒక చేపకైతే కాసిని చుక్కలు చాలు. సీసాడు కావాలన్నాడంటే బావ ఒక్క చేప మాట ఆలోచించడం లేదు.

"అన్నీనా?" అన్నాడు కత్తి.

"అన్నీ. రేపు చేపల సంఘానికెళ్ళి, నా తొట్లు ఎవరైనా పట్టుకుపోండి అని చెప్పొస్తారట. వచ్చాక ఇక ఆ పని. ఎవరి చేతా పంపకు. నీ చేత్తోనే తెచ్చివ్వు," అని పెట్టేసింది.

అతనికి కత్తి అన్న పేరు కోపం వల్ల వచ్చింది కాదు, చేపల వల్ల వచ్చింది. అతను పెంచేవి కత్తితోక చేపలు. మగవాటికి తోక కింది అంచు సన్నగా, పొడుగ్గా, ఒరలోంచి తీసిన కత్తిలా సాగి ఉంటుంది. బావ పెంచేవి చుక్కచేపలు. పొట్టిగా, బొద్దుగా ఉంటాయి, వీపు రెక్క దగ్గర మిరియపు గింజంత నల్లచుక్కలు. చూడగానే ఆహా అనిపించే చేపలేం కావు. కానీ బావ వాటిని తన పెళ్ళికి ముందునుంచీ పెంచుతున్నాడు. పగలంతా సిటీ బస్సు నడిపి ఇంటికొచ్చి, యూనిఫారం కూడా మార్చకుండా ముందు చేపల గదిలోకి వెళ్ళే మనిషి. చుట్టుపక్కల కొత్తగా తొట్టి పెట్టుకునే ప్రతివాడికీ మొదటి జత బావే ఇచ్చేవాడు. కత్తికి చిన్నప్పుడు మొదటి తొట్టి ఇచ్చిందీ, చచ్చిన చేపని చూసి ఏడిస్తే ముక్కు తుడిచిందీ ఆయనే. "నీ తమ్ముడు నాకు కట్నం కింద వచ్చాడే," అని అక్కని ఏడిపించేవాడు.

కత్తికి ఒక పిచ్చి కోరిక ఉండేది. ఎర్రకత్తులున్నాయి, పచ్చకత్తులున్నాయి. తల నుంచి తోక కొస దాకా నల్లటి కత్తి ఎవరి దగ్గరా లేదు. అది తన తొట్టిలో ఈదాలి. అందుకని బావ దగ్గర చుక్కచేప ఆడవి తెచ్చి తన మగకత్తులతో జతకట్టించాడు. రెండూ దూరపు చుట్టాలే కాబట్టి పిల్లలు పుట్టాయి. వాటికి చుక్కలు పెద్దవై మచ్చలయ్యాయి. కత్తికి నిద్ర పట్టలేదు. అందులో బాగా నల్లటివి ఏరి, వాటిని మళ్ళీ తన కత్తితోకలతోనే కలిపాడు. ఈసారి పుట్టిన పిల్లల్లో కొన్ని మామూలుగా ఉన్నాయి, కొన్ని మాత్రం సిరాలో ముంచి తీసినట్టున్నాయి. మళ్ళీ నల్లటివే ఏరాడు. మామూలువి అడిగినవాళ్ళకి ఇచ్చేశాడు.

సంఘం పోటీలో నల్లకత్తికి మొదటి బహుమతి వచ్చింది. అందరూ తొట్టి చుట్టూ మూగి నోళ్ళు వెళ్ళబెట్టారు. ఇత్తడి కప్పు చేతికిస్తుంటే కత్తి కళ్ళు నెత్తికెక్కాయి, ఒప్పుకుని తీరాలి. ఆ రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బావే.

ఆ తరవాత నల్లకత్తులకి గడ్డలు లేచాయి. ముందు తోక మొదట్లో, తరవాత వీపు మీద. గడ్డ పెరిగి రెక్కని తినేసింది. చేప ఒక పక్కకి ఒరిగి ఈదుతూ ఈదుతూ ఒక రోజు అడుక్కి పోయేది. నీళ్ళు మార్చాడు, మందులేశాడు, తొట్లు కడిగాడు. ఒకదాని తరవాత ఒకటి పోతూనే ఉన్నాయి. తన కత్తితోకలకి ఇలాంటి జబ్బు ఎన్నడూ లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చినట్టు? కొత్తగా వచ్చింది బావ చేపలేగా. అతని బుర్ర అక్కడే ఆగిపోయింది. మన ఇంట్లో ఏం జరిగినా వచ్చిన కోడలి వల్లే జరిగిందనే బుర్రలు ఎలా ఆగుతాయో, అలాగే.

సంఘం నెలకోసారి ఒక బడిలో కూడుతుంది. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక పెద్దవాళ్ళంతా పక్కకి తిరిగి కూర్చుంటారు. ఆ నెల కత్తి ఒక చచ్చిన చేపని సీసాలో వేసుకొచ్చి బల్ల మీద పెట్టి, ఇది చుక్కచేపల నుంచి అంటిన రోగం అన్నాడు. బావ లేచి, నా తొట్లలో ఒక్కదానికి కూడా ఇలా రాలేదురా అన్నాడు, నెమ్మదిగానే.

"వచ్చినా నువ్వు చెబుతావా?" అన్నాడు కత్తి.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా? ఏళ్ళ తరబడి ఆ మనిషి చేతినుంచి చేపలు పట్టుకెళ్ళిన వాళ్ళంతా బావ మొహం కేసి చూశారు. బావ మొహం అప్పుడు ఎలా ఉందో కత్తి చూడలేదు, ఇప్పుడు మాత్రం మనసులో రోజూ చూస్తున్నాడు. బావ కూర్చుండిపోయాడు.

ఆ వారంలో జనం చుక్కచేపల్ని వాపసు తేవడం మొదలుపెట్టారు. కొందరు మొహమాటపడుతూ బావ చేతికిచ్చారు. కొందరైతే నీళ్ళ సంచుల్లో కట్టి గుమ్మం ముందు పెట్టి, తలుపైనా తట్టకుండా వెళ్ళిపోయారు. బస్సు దిగి ఇంటికొచ్చిన బావ ఆ సంచుల్ని ఒక్కొక్కటే లోపలికి మోసుకున్నాడు. ఈ సంగతి కత్తికి అక్క చెప్పింది. చెప్పి, ఇక ఫోన్ చెయ్యడం మానేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కత్తి తన మాట నిజమని రుజువు చెయ్యాలనుకున్నాడు. తన దగ్గర మిగిలిన బావ చుక్కచేపల్ని, జబ్బు ముదిరిన నల్లకత్తుల్ని ఒకే తొట్టిలో, ఒకే నీళ్ళలో వేశాడు. రోజూ పొద్దున్నే లేచి, పళ్ళయినా తోముకోకుండా, చుక్కచేపలకి గడ్డ లేచిందా అని అద్దానికి ముక్కు ఆనించి చూసేవాడు. లేవాలనే కోరుకున్నాడు. ఏ పాపమూ ఎరగని చేపలకి రోగం రావాలని కోరుకోవడం కూడా ఒక బతుకేనా! చుక్కచేపలు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లలూ నిక్షేపంలా ఉన్నాయి.

చిరాకెత్తి, చచ్చిన చేపని మంచుముక్కల్లో పెట్టుకుని చేపల కాలేజీకి వెళ్ళాడు. అక్కడ పాఠాలు చెప్పే మేడమ్ దాన్ని కోసి, మైక్రోస్కోపులో చూసి, ఇది అంటురోగం కాదండీ, క్యాన్సర్ అంది. వీటి తల్లిదండ్రులు ఎవరని అడిగింది. కత్తి చెప్పాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఆవిడ చెప్పింది కత్తికి ముక్క ముక్కా గుర్తుంది. చుక్కచేపలో నలుపు పుట్టించే జన్యువు ఒకటుంది. ఎప్పుడో పూర్వం వచ్చిన ఒక మార్పు అది. ఆ నలుపు హద్దు దాటకుండా పట్టి ఉంచే జన్యువు ఇంకొకటుంది, కళ్ళెం లాంటిది. తరతరాలుగా ఆ రెండూ ఒకే ఒంట్లో కాపురం చేస్తున్నాయి, అందుకే చుక్క చుక్కగానే ఉంటుంది. కత్తితోకకి ఆ నలుపే లేదు, కాబట్టి దానికి కళ్ళెం అవసరమూ పడలేదు. రెంటినీ కలిపితే మొదటి కాన్పు పిల్లలకి సగం కళ్ళెమైనా మిగులుతుంది. వాటిని తీసుకెళ్ళి మళ్ళీ కత్తితోకకే కట్టబెడితే, కొన్ని పిల్లలకి నలుపు వస్తుంది, కళ్ళెం రాదు. ఇక ఆ నలుపుకి అడ్డేది? ముందు ఒళ్ళంతా కమ్ముతుంది, తరవాత కండలోకి దిగుతుంది.

"మీరు పెంచడానికి ఏవి ఏరుకున్నారు?" అని అడిగింది మేడమ్.

"బాగా నల్లటివి."

"అంటే కళ్ళెం లేనివే వెతికి మరీ ఏరుకున్నారన్నమాట," అంది ఆవిడ. దెప్పడానికి అన్నది కాదు, ఉన్న సంగతి చెప్పింది.

కత్తికి తల కొట్టేసినట్టయింది. మరి తప్పు ఏ చేపదని అడిగాడు. దేనిదీ కాదంది. ఏ మార్పునీ విడిగా పట్టుకుని మంచిదనీ చెడ్డదనీ అనలేం, పక్కన ఇంకేమున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది అంది. ఈ రెండు జాతులూ ఒకప్పుడు ఒక్కటే. వేరు వేరు వాగుల్లో పడ్డాక దేని మార్పులు అది పోగుచేసుకుంది. ముందొచ్చిన మార్పుతో సర్దుకోగలిగిన మార్పే తరవాత నిలబడుతుంది, దానితో సర్దుకోగలిగినది ఆ తరవాత. అలా ఎన్నో తరాలు గడిచాక ఈ వాగు సర్దుబాట్లు ఆ వాగు సర్దుబాట్లతో పొసగవు. ఒకటిగా ఉన్నవి రెండు జాతులు కావడానికి ఉన్న దారుల్లో ఇదీ ఒకటి అంది.

తిరిగొచ్చేటప్పుడు కత్తికి తన పనే గుర్తొచ్చింది. పళ్ళ డాక్టర్లు సెట్టు వాపసు పంపి పైవరస తప్పు చేశావనో కింది వరస తప్పు చేశావనో తిడితే, ప్రతిసారీ అతను చెప్పే మాట ఒకటే. పైవరస బాగానే ఉంది, కింది వరస బాగానే ఉంది, రెండూ కలిసే చోట చూడండి. రోజూ అదే కూడు తింటూ, అదే మాట చెబుతూ, బావ దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏ గట్టున మేసిందో!

సరే, తెలియక అన్నాడు, తెలిసింది. తెలిసిన మర్నాడే వెళ్ళి చెప్పాలా వద్దా? వెళ్ళలేదు. వచ్చే సంఘంలో చెబుదామనుకున్నాడు. ఆ నెల సంఘానికే వెళ్ళలేదు. మరుసటి నెల వెళ్ళాడు గానీ తేలు కుట్టిన దొంగలా మూల బెంచీలో కూర్చుని లేచొచ్చాడు. బావ నడిపే బస్సు దూరంగా కనిపిస్తే పక్క సందులోకి తిరిగేవాడు. కప్పుని అలమారలో గిన్నెల వెనక్కి నెట్టాడు. బహుమతి తెచ్చిన నల్లకత్తి మాత్రం ఇంకా బతికే ఉంది. గడ్డ లేచి ఒక పక్కకి ఒరిగిపోయినా దాన్ని పంపించెయ్యడానికి కత్తికి చెయ్యి రాలేదు. ఒక్కోసారి వెలుతురు పడ్డప్పుడు అది ఇంకా ఎంత అందంగా ఉంటుందో!

ఇదీ సంగతి. ఇప్పుడు అక్క లవంగ నూనె అడిగింది. రేపు గడిస్తే బావ చేపలు ఒక్కటీ మిగలవు. తన దగ్గరున్న కాసిని తప్ప ఆ చుక్కల వంశం ఇంకెక్కడా లేదు. కత్తి సీసా జేబులో వేసుకుని, పని సగంలో వదిలేసి బయల్దేరాడు.

తలుపు అక్కే తీసింది. సీసా తీసుకోలేదు, చేపల గది వైపు చెయ్యి చూపించి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ గిన్నెల చప్పుడు వినిపించలేదు. గోడ అవతలే నిలబడిందని కత్తికి తెలుసు.

బావ ఒక తొట్టి అద్దానికి పట్టిన నాచు గీకుతున్నాడు. రేపు చంపబోయే చేపలకి ఈ రోజు అద్దం తుడుస్తున్నాడు. కత్తి సీసాని మేత డబ్బా పక్కన పెట్టి, నిలబడే మొత్తం చెప్పాడు. కాలేజీ, నలుపు, కళ్ళెం, తను ఏరుకున్నవి. నీ చేపల్లో ఏ రోగమూ లేదు బావా, తప్పంతా నా జతకట్టడంలోనే ఉంది అన్నాడు. బావ గీకడం ఆపలేదు. అంతా విన్నాక చెయ్యి నీళ్ళలోంచి తీసి తుడుచుకున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

కత్తి అబద్ధం చెబుదామనుకున్నాడు. నిన్ననే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వానలు మొదలవకముందు," అన్నాడు.

కిటికీలోంచి చలిగాలి వస్తోంది. బావ దాన్ని మూశాడు. వానలున్నన్ని రోజులూ జనం సంచులు తెచ్చి ఆ గుమ్మంలో పెట్టారు. ఆ మాట బావ అనలేదు. అనకపోయినా కత్తికి వినిపించింది.

"అన్నప్పుడు నలుగురిలో అన్నావు," అన్నాడు బావ. "చెప్పేటప్పుడు నాలుగు గోడల మధ్య చెబుతున్నావు. నా చేపలు మంచివని నాకు తెలియదట్రా? నాకు చెప్పి ఏం లాభం?"

సీసా అక్కడే ఉంది. కత్తి దాన్ని తీసుకోలేదు. వంటింటి ముందునుంచి బయటికొస్తుంటే అక్క తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున బడిగదిలో, బెంచీలన్నీ నిండాక, అధ్యక్షుడు గొంతు సవరించుకుని మన బస్సు డ్రైవరుగారు ఏదో చెప్పాలట అన్నాడు. బావ లేవబోయాడు. అంతకుముందే కత్తి లేచి నిలబడ్డాడు. సంచీలోంచి ఇత్తడి కప్పు తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన రెండు పళ్ళ వరసలు పెట్టాడు, పైది ఒకటి, కిందిది ఒకటి. ఎవరో కిసుక్కుమన్నారు.

రెంటినీ చేతిలోకి తీసుకుని చూపించాడు. రెండూ శుభ్రంగా చేసినవే, ఒక్క పన్నులో కూడా లోపం లేదు, కానీ వేరు వేరు మనుషుల కొలతలవి, కలిపితే చూడండి అన్నాడు. కలిపాడు. ముందు పళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, దవడ పళ్ళ దగ్గర వేలు దూరేంత సందు. అప్పుడు చేపల సంగతి చెప్పాడు. మీరంతా చప్పట్లు కొట్టిన ఆ నలుపే జబ్బు, అది అందం అనుకుని ఏరి ఏరి పెంచింది నేను, చుక్కచేపల్లో రోగం లేదు, ఎప్పుడూ లేదు అన్నాడు. ఆ రోజు మా బావని ఇక్కడే ఆ మాట అన్నాను, అది అబద్ధం, అన్నాడు.

వెనక బెంచీలోంచి ఒకావిడ లేచింది. గుమ్మంలో సంచి పెట్టిపోయిన వాళ్ళలో ఆవిడా ఉంది.

"ఇది నీకెప్పటి నుంచి తెలుసు?" అంది.

చెప్పాడు.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"సిగ్గేసింది."

"ఇప్పుడెయ్యట్లేదా?"

"వేస్తోందండీ," అన్నాడు కత్తి. "అప్పటికంటే ఎక్కువే వేస్తోంది."

ఆవిడ కూర్చుంది. ఎవరూ అతన్ని తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఒకడు మాత్రం, ఏమైనా ఆ నలుపే నలుపు, ఇంకో జత దొరుకుతుందా అని మెల్లగా పక్కవాణ్ణి అడగడం కత్తి చెవిన పడింది. ఛీ అనుకున్నాడు. ఆ ఛీ తనకే తగిలింది.

అధ్యక్షుడు బావ కేసి తిరిగి, మీరేదో చెబుతానన్నారు అన్నాడు. బావ లేచి, చెప్పడానికేం లేదండీ, తొట్లు ఇద్దామనుకున్నాను, ఇవ్వట్లేదు అని కూర్చున్నాడు.

అయ్యాక జనం బావ చుట్టూ చేరారు. కత్తి కప్పుని బల్ల మీదే వదిలేసి, పళ్ళ వరసలు జేబులో వేసుకుని గోడవారగా బయటికి నడిచాడు. గేటు దాటాడో లేదో వెనక అడుగుల చప్పుడు. బావ. చేతిలో లవంగ నూనె సీసా, మూత కూడా విప్పలేదు.

"ఆ బహుమతి చేప ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది."

"ఎలా ఉంది?"

"మేత తినట్లేదు. పైకి రాలేకపోతోంది."

బావ అతని మొహంలోకి చూశాడు. "నా చేపలు నిక్షేపంలా ఉంటే వాటికి సీసాడు తెచ్చిచ్చావు. అది అంత యాతన పడుతుంటే దానికి కాసిని చుక్కలు వెయ్యలేకపోయావా?"

ఇది ఎవరికి చెప్పినా కడిగేసుకోగలిగే సిగ్గు కాదు. బావ ముందు నడిచాడు, కత్తి ఇంటివైపే. కత్తి వెనకే వెళ్ళాడు.

ఇంట్లో బావే తెల్ల పింగాణీ గిన్నె వెతికి తీశాడు. అందులో తొట్టి నీళ్ళు పోసి, వేరే గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో నూనె వేసి గిలక్కొట్టి పెట్టాడు. నల్లకత్తిని వలతో కాక దోసిలితో ఎత్తి గిన్నెలోకి వదిలాడు. అది పక్కకి ఒరిగి, మొప్పలు ఆడిస్తూ ఉండిపోయింది. బావ నూనె కలిపిన నీళ్ళ గ్లాసు కత్తి ముందుకి జరిపాడు.

"నీ చేత్తోనే పొయ్యి," అన్నాడు. గిన్నె కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

కత్తి పోశాడు. చేప ఒకసారి తోక విదిలించి నెమ్మదించింది. తెల్లటి గిన్నెలో ఆ నలుపు తోక కొస దాకా నిగనిగలాడుతోంది. ఆ క్షణంలో కూడా కత్తికి అది అందంగానే కనిపించింది. అలా కనిపించినందుకు సిగ్గుపడి, బావ తన మొహం చూడకుండా తల దించుకున్నాడు.